క్యాబేజీ మీద నింద

మా అక్క వాళ్ళింట్లో ఫ్రిజ్ తలుపు మీద, వెంకటేశ్వరస్వామి బొమ్మ అయస్కాంతం కింద, ఒక కాగితం నాలుగు నెలలపాటు ఉంది. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చిన చీటీ అది. మందులు ఏ పూట ఎన్ని వేసుకోవాలో, రాత్రిళ్ళు ఎందుకు మేలుకోకూడదో, బండి ఎందుకు నడపకూడదో అచ్చులో ఉన్నాయి. అన్నిటి కిందా డాక్టరుగారు స్వయంగా పెన్నుతో రాసి, రెండు గీతలు గీసిన వాక్యం ఒకటుంది: ‘క్యాబేజీ, కాలీఫ్లవర్, పంది మాంసం పూర్తిగా మానెయ్యాలి.’

ఆ ఇంట్లో మూడు తరాలుగా కోడిగుడ్డు కూడా పొయ్యి మీదికి ఎక్కలేదు. పాలగిన్నె కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ మా అక్క ఆ ఆఖరి వాక్యం చదివేది. చదివి, హాల్లో కూర్చున్న కొడుకు వంక ఒకసారి చూసేది. తల్లి కళ్ళల్లో కొడుకు మీద అనుమానం. నాకు కోపం తెప్పించింది ఆ చూపు. నాలుగు నెలలు ఈ విషయం గురించి దొరికినదల్లా చదివించిందీ, ఇప్పుడు ఇది రాయిస్తున్నదీ అదే.

మా మేనల్లుడు డాలస్‌లో ఎమ్మెస్ చేసి అక్కడే ఉద్యోగంలో చేరాడు. వెళ్ళిన నాలుగో ఏడు సెలవు మీద తెనాలి వచ్చాడు. వచ్చిన ఆరో రోజు తెల్లవారుజామున కుడిచెయ్యి దానంతటదే కొట్టుకోవడం మొదలైంది. చూస్తుండగానే ఒళ్ళంతా బిగుసుకుని మంచం మీంచి పడిపోయాడు. పక్కింటాయన పరుగున వచ్చి బీరువా తాళాల గుత్తి పిడికిట్లో కుక్కాడు. ఎవరో ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. తాళాలకూ ఉల్లిపాయకూ మూర్ఛ ఆగదు. మనిషిని ఒక పక్కకు తిప్పి, నోట్లో ఏదీ కుక్కకుండా, గడియారం చూసుకుంటూ కూర్చోవాలి. అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తాలి. వాడికి రెండు నిమిషాల్లో తగ్గింది. మధ్యాహ్నానికి ఎమ్మారై తీశారు. మెదడు ఎడమ పక్క పైపొరలో వేరుశనగ గింజంత కూడా లేని ఒక ఉంగరం, ఉంగరం మధ్యలో చుక్క, చుట్టూ వాపు. న్యూరోసిస్టిసర్కోసిస్ అన్నారు. బద్దెపురుగు పిల్ల మెదడులో కట్టుకున్న తిత్తి.

సాయంత్రానికి ఇల్లంతా తీర్పులతో నిండిపోయింది. ‘అమెరికాలో ఏం తిన్నాడో ఏమో, అక్కడ అన్నిట్లోనూ పంది కొవ్వు వేస్తారట’ అని మా బావగారి అన్నయ్య. ‘అదేం కాదు, క్యాబేజీలో పురుగు, కడిగినా పోదు, చెవిలోంచి మెదడుకెక్కుతుంది’ అని పై వాటాలో టీచరమ్మ. తిరిగి డాలస్ వెళ్ళాక అక్కడి డాక్టరు వాణ్ణి అడిగిన మొదటి ప్రశ్న: ‘ఇండియా ఎప్పుడు వెళ్ళొచ్చావు?’ వాడు నాకు ఫోన్ చేసి, ‘మామయ్యా, ఇక్కడివాళ్ళు అక్కడిదంటున్నారు, అక్కడివాళ్ళు ఇక్కడిదంటున్నారు. అమ్మకి మాత్రం నేను ఏదో తిని దాస్తున్నానని గట్టి నమ్మకం’ అన్నాడు.

కూరగాయ, మాంసం, పరదేశం. ఈ జబ్బు పేరెత్తగానే మనవాళ్ళు నిలబెట్టే ముద్దాయిలు ఈ ముగ్గురే. ఈ ముగ్గురిలో ఎవరి మీద మోపినా కేసు నిలవదని నేనంటున్నాను. అసలు సంగతి చెప్పుకోవడానికి మనకు మొహమాటం. ఆ మొహమాటాన్ని కప్పిపుచ్చుకోవడానికి వీళ్ళను బోనెక్కిస్తున్నాం.

ముందు ఆ పురుగు బతుకేమిటో చూడాలి. పెద్ద బద్దెపురుగు కాపరం ఉండేది ఒక్క మనిషి పేగులోనే. రెండు నుంచి నాలుగు మీటర్లు, ఒక్కోసారి అంతకన్నా పొడుగు. టేపులాంటి ఒళ్ళు, వందల కొద్దీ బద్దెలు. తోక చివరి బద్దెలు పండి, తెగి, మలంతో పాటు బయటికొస్తాయి. ఒక్కో బద్దెలో సుమారు 50,000 గుడ్లు. కంటికి కనబడనంత సన్నం. పురుగు మోస్తున్న మనిషికి చాలాసార్లు కడుపునొప్పి కూడా ఉండదు. తనలో పురుగుందని తెలియకుండానే ఏళ్ళు గడిచిపోతాయి. ఆరుబయట పడిన ఆ మలాన్ని పంది తింటుంది. గుడ్డు పంది కడుపులో పగిలి, పిల్ల నెత్తురులోకి చేరి, కండలో తిత్తి కట్టుకుని కూర్చుంటుంది. ఆ కండను సరిగా ఉడకనివ్వకుండా మనిషి తింటే తిత్తిలోని పిల్ల పేగులో తల తగిలించుకుని మళ్ళీ పెద్ద పురుగవుతుంది. 1855లో జర్మన్ వైద్యుడు క్యూకెన్‌మైస్టర్ మరణశిక్ష పడిన ఖైదీకి అతనికి తెలియకుండా ఇలాంటి తిత్తులున్న పందిమాంసం పెట్టించి, శిక్ష అమలయ్యాక పేగు కోసి, ఎదుగుతున్న చిన్న పురుగులను చూపించాడు. చేసిన పద్ధతి ఘోరం. తేలిన విషయం మాత్రం నిజం.

ఇక్కడిదాకా మెదడు ప్రసక్తే లేదని గమనించండి. ఉడకని పందిమాంసం తిన్నవాడికి వచ్చేది పేగులో పురుగు. మెదడులో తిత్తి రావాలంటే మనిషి పంది చేసిన పనే చెయ్యాలి, అంటే గుడ్డు మింగాలి. గుడ్డు వచ్చేది ఇంకో మనిషి మలం నుంచే. మలవిసర్జన తరవాత సరిగా కడగని చేతుల నుంచి, గోళ్ళ కింది మట్టి నుంచి, మురుగు కలిసిన నీళ్ళ నుంచి, ఆ నీళ్ళు చిలకరించిన పచ్చి ఆకుల నుంచి. ఆ గుడ్డు మన కడుపులో పగిలి, పిల్ల పేగు గోడ చీల్చుకుని నెత్తుటి వెంట వెళ్ళి మెదడులోనో కంటిలోనో కండలోనో ఆగుతుంది. మాంసంలో ఉండేది తిత్తి, మలంలో ఉండేది గుడ్డు. ఒకటి పేగుకు దారి, ఒకటి మెదడుకు దారి. ఈ రెండు దారుల్నీ ఒకటిగా కలిపేసి చూడడమే ఈ మొత్తం గందరగోళానికి మూలం. ఆ కలిపెయ్యడం తెనాలి డాబా మీద జరిగితే క్షమించొచ్చు. వైద్యుడి చేతిరాతలో జరగకూడదు.

ఇప్పుడు క్యాబేజీ. ఇంత అమాయకమైన కూరకు ఇంత చెడ్డపేరు ఎలా వచ్చిందంటే, దాన్ని కోసినప్పుడు నిజంగానే పురుగు కనబడుతుంది గనక. ఆకుపచ్చగా, సన్నగా, ముట్టుకుంటే మెలికలు తిరుగుతుంది. రైతులు దాన్ని డైమండ్ బ్యాక్ మాత్ అంటారు. రెక్కల పురుగు పిల్ల అది, నాలుగు రోజులు వదిలేస్తే గూడు కట్టుకుని ఎగిరిపోతుంది. దానికీ బద్దెపురుగుకీ ఉన్నది బొద్దింకకూ వానపాముకూ ఉన్నంత దూరపు చుట్టరికమే. పొరపాటున ఉడికిన కూరలో పోయి మన కడుపులో పడినా, అరిగిపోతుంది. దానికి మనిషి ఒంట్లో బతికే విద్య తెలియదు. చెవిలోంచి మెదడుకు దారి అసలే లేదు.

మరి క్యాబేజీ ఆకు మీద బద్దెపురుగు గుడ్డు ఉండదా అంటే, ఉండొచ్చు. కొత్తిమీర మీదా ఉండొచ్చు. పుదీనా మీదా, పచ్చి ఉల్లి మీదా, కీరా ముక్క మీదా, పానీపూరీ నీళ్ళలోనూ ఉండొచ్చు. మలం కలిసిన నీళ్ళు తగిలిన ఏ పచ్చి వస్తువు మీదనైనా ఉండొచ్చు. హైదరాబాద్ దిగువన మూసీ నీళ్ళతో పశుగ్రాసమూ ఆకుకూరలూ పండించడం ఎవరికీ తెలియని రహస్యం కాదు. పొయ్యి మీద పెట్టి కుతకుత ఉడికించిన క్యాబేజీలో గుడ్డు బతకదు. మనం క్యాబేజీని పచ్చిగా తినేది తక్కువ. నూడుల్స్ బండి మీద చల్లిన ముక్కలు తప్ప. అదే కొత్తిమీరను దించిన చారు మీద చల్లుతాం, పచ్చడిలో రుబ్బుతాం. క్యాబేజీ మానేసి కొత్తిమీరను కొళాయి కింద ఒక్క క్షణం తడిపి తరిగే ఇల్లాలు తన ఇంటిని కాపాడుకున్నానని అనుకుంటుంది. ఈ తప్పుడు ధైర్యం దగ్గరే నాకు భయం. కనబడే పురుగును చూసి జడుసుకునే కన్ను, కనబడని గుడ్డును వదిలేస్తుంది.

మాంసం మీద వేసిన నింద ఇంతకన్నా పెద్దది. అందులో కులం కూడా ఉంది గనక దాని గురించి కాస్త ఎక్కువే మాట్లాడాలి.

మన దేశంలో ఈ జబ్బుతో ఆస్పత్రికి వచ్చేవాళ్ళలో అత్యధికులు పందిమాంసం ఎన్నడూ ముట్టనివాళ్ళేనని వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు ఏనాడో రాశారు. శాకాహారులు, ముస్లింలు, ఊళ్ళో పందిని చూస్తేనే పక్కకు తప్పుకునేవాళ్ళు. ఇది నమ్మబుద్ధి కాకపోతే న్యూయార్క్‌లో జరిగినది వినండి. 1990, 91 సంవత్సరాల్లో ఆ నగరంలోని సనాతన యూదు సమాజంలో నలుగురికి ఉన్నట్టుండి మూర్ఛలొచ్చాయి. స్కాన్‌లో మచ్చలు. ఆ సమాజంలో పందిమాంసం మతరీత్యా నిషిద్ధం. నలుగురిలో ఎవరూ ఎన్నడూ తినలేదు. ఈ పురుగు ఎక్కువగా ఉన్న దేశానికి వెళ్ళొచ్చినవారు నలుగురిలో ఒక్కరే. ఆరోగ్యశాఖ వాళ్ళు ఆ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు పరీక్షలు చేస్తే, లాటిన్ అమెరికా నుంచి కొత్తగా వచ్చిన ఒకామె పేగులో బద్దెపురుగు ఉందని తేలింది. ఇంకొకామె నెత్తుటి పరీక్షలో గుర్తులు దొరికాయి. 1992లో ఇది వైద్య పత్రికలో అచ్చయింది. తిండిలో ఏ లోపమూ లేని ఇంట్లోకి జబ్బు చేతుల మీదుగా వచ్చింది.

ఈ కథ చెప్పగానే మనవాళ్ళు కొందరు ‘చూశారా, పనిమనిషిదే తప్పు’ అనడం నేను విన్నాను. అలా అనేవాళ్ళకు చేతులెత్తి చెబుతున్నాను, ఆ పనిమనిషి కూడా రోగే. ఆమె మెదడుకు అందరికన్నా ఎక్కువ ముప్పు, ఎందుకంటే గుడ్లు ఆమె చేతికే అందరికన్నా దగ్గర. ఆమెకు కావలసింది ఒక మల పరీక్ష, ఒక మాత్ర, పనిచేసే ఇంట్లో ఒక మరుగుదొడ్డి, ఒక సబ్బు. మన ఇళ్ళలో వంట చేసే, అంట్లు తోమే మనిషిని అదే ఇంటి మరుగుదొడ్డి వాడనివ్వని వాళ్ళు ఎంతమంది! ఆమె ఎక్కడికి వెళ్ళాలో, అక్కడ చేతులు కడుక్కోవడానికి నీళ్ళున్నాయో లేదో పట్టించుకోకుండా, ఆమె చేత పిండి కలిపించుకుని తింటాం. తరవాత జబ్బు వస్తే క్యాబేజీని తిడతాం.

పంది విషయమూ అంతే. పందికి ఈ పురుగు పుట్టుకతో రాదు, పందికి అంటించేది మనిషే. మన ఊళ్ళల్లో పందులు మేపుకుని బతికే ఎరుకల కుటుంబాలను ఈ జబ్బు పేరు చెప్పి అసహ్యించుకోవడం విన్నప్పుడల్లా ఇది గుర్తు చెయ్యాలనిపిస్తుంది. ఊరు తన మలాన్ని ఆరుబయట పెట్టి పందికి తినిపించింది. ఆ పందికి జబ్బు చేస్తే నష్టపోయేది దాన్ని పెంచినవాడు. తిత్తులున్న మాంసం కొనేవాడు ఉండడు. మున్సిపాలిటీ బండి వచ్చి పందులను పట్టుకుపోయినప్పుడు ఊరు శుభ్రమైందని చప్పట్లు కొడతారు. మురిక్కాలవ అక్కడే ఉంటుంది.

పందిమాంసం తింటే అసలు ఏ ప్రమాదమూ లేదని నేననడం లేదు. ఉడకని మాంసంతో పేగులోకి పురుగు వస్తుంది. ఆ పురుగు గుడ్లు ఆ మనిషి చేతుల మీదుగా తన నోటికే చేరితే మెదడుకూ వస్తుంది. అందుకే మాంసం బాగా ఉడకాలి. తినేవాడు లేకపోతే పురుగు చక్రం తిరగదన్న మాటా నిజమే. కానీ ఒకడు తిన్నదానికి వాడి చుట్టూ తినని పదిమందీ గుడ్లు మింగుతున్నారంటే, మధ్యలో తెగిన కట్ట ఏది? తిండి కట్ట కాదు, పారిశుద్ధ్యం కట్ట. ‘మేం తినం కాబట్టి మాకు రాదు’ అనుకునే శాకాహార గృహం ఈ జబ్బుకు తలుపు బార్లా తెరిచిపెట్టిన గృహం. శాకాహారం గొప్పదే కావచ్చు, టీకా మాత్రం కాదు.

ఇక పరదేశం. వెళ్ళొచ్చినవాడు తెచ్చాడన్న మాట రెండు వైపులా చెల్లుతోంది. 2024 మే నెలలో అమెరికా అధ్యక్ష ఎన్నికల బరిలో ఉన్న రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ మెదడులో ఒకప్పుడు పురుగు చచ్చిందన్న వార్త గుప్పుమంది. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆసియా తిరిగిన మనిషి, ఎక్కడో అంటుకుందని ఆయన ప్రచార బృందం వివరణ ఇచ్చింది. పురుగు మెదడు కొంత తినేసి చచ్చిందన్న మాట మన టీవీల్లో కూడా మార్మోగింది. బద్దెపురుగు గురించి అయితే ఆ మాట తప్పు. బద్దెపురుగుకు నోరే లేదు, పేగే లేదు, ఒళ్ళంతటితో ఆహారం పీల్చుకుంటుంది. దాని పిల్ల మెదడును కొరకదు. తిత్తి కట్టుకుని, మన ఒంటి కాపలా కళ్ళుగప్పి, ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా ఉంటుంది. అది ముసలిదై చచ్చిపోయేటప్పుడు మన రోగనిరోధక శక్తి దాన్ని పసిగట్టి మీద పడుతుంది. అప్పుడు వచ్చే వాపుతో మూర్ఛ వస్తుంది.

‘ఏళ్ళ తరబడి’ అన్న మాట దగ్గర ఆగాలి. బ్రిటిష్ సైన్యం నేర్పిన పాఠం అది. మన దేశంలో కొలువు చేసి ఇంగ్లండు తిరిగివెళ్ళిన సిపాయిలకు, అంతకుముందు ఏ జబ్బూ లేనివాళ్ళకు, ఇల్లు చేరిన కొన్నేళ్ళకు మూర్ఛలు రావడం మొదలైంది. కొందరికి మతి చెదిరిందన్నారు, కొందరు నటిస్తున్నారన్నారు. 1930లలో సైనిక వైద్యుడు మెకార్థర్ వాళ్ళ చర్మం కింద తడిమి గింజల్లాంటి గడ్డలు పట్టుకున్నాడు. ఎక్స్‌రే తీస్తే కండల్లో సున్నం పట్టి గట్టిపడిన తిత్తులు. 1961లో డిక్సన్, లిప్స్‌కోంబ్ అన్న వైద్యులు ఇలాంటి 450 మంది చరిత్రలు ఒకచోట చేర్చి అచ్చువేశారు. వాళ్ళలో అత్యధికులు ఇండియాలో పనిచేసినవాళ్ళే. గుడ్డు మింగిన కాలానికీ మొదటి మూర్ఛకూ మధ్య చాలామందిలో కొన్నేళ్ళు గడిచాయి, కొద్దిమందిలో పాతికేళ్ళు దాటాయి. ఆఖరి భోజనం మీద, ఆఖరి ప్రయాణం మీద నేరం మోపడం ఎంత అర్థం లేనిదో ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

మా వాడి లెక్కా అదే. డాలస్‌లో తిన్న బర్గర్‌కూ ఈ ఉంగరానికీ ముడిపెట్టడం కన్నా, వెళ్ళకముందు ఇరవై రెండేళ్ళు ఇక్కడ తాగిన నీళ్ళకూ తిన్న పచ్చళ్ళకూ, హాస్టల్ మెస్సుకూ ముడిపెట్టడం సబబు. ఏ రోజు ఏ ముద్దతో వచ్చిందో మాత్రం ఎవరూ తేల్చలేరు. ‘అక్కడ ఏం తిన్నావురా’ అని తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు లేదు. ప్రశ్నే తప్పు కాబట్టి.

నరాల మీద పడే పురుగులు ఇదొక్కటే కాదు. 2000లో చికాగో నుంచి జమైకాకు సెలవులకు వెళ్ళొచ్చిన 23 మంది వైద్య విద్యార్థుల్లో 12 మందికి మెదడుపొర వాపు వచ్చింది. అది ఎలుక ఊపిరితిత్తుల పురుగు, నత్తల మీదుగా వస్తుంది. వాళ్ళెవరూ నత్తలు తినలేదు. విచారిస్తే వేలు ఒక పూట తిన్న సలాడ్ వైపు చూపింది. అక్కడ కూడా మనిషి ఎంచుకుని తిన్న విచిత్రమైన మాంసం కాదు, సరిగా కడగని పచ్చి ఆకు.

ఇవన్నీ ఏదో పండిత చర్చ అయితే నేను నోరెత్తేవాణ్ణి కాదు. తప్పుడు నిందకు నిజమైన మనుషులు నష్టపోతున్నారు. మన దేశంలో సీటీ స్కాన్లు వచ్చిన కొత్తల్లో ఇలాంటి చిన్న ఉంగరాలు కనబడితే మెదడు క్షయ అన్నారు. నెలల తరబడి టీబీ మందులు మింగించారు. మందులు వాడాక ఉంగరం మాయమైతే క్షయ తగ్గిందన్నారు. వెల్లూరులో మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ అనే న్యూరోసర్జన్లు 1980ల చివర అలాంటి మచ్చలను తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే చాలావాటిలో ఉన్నది చస్తున్న బద్దెపురుగు పిల్ల. మందు లేకపోయినా చాలావరకు అవే మాయమయ్యేవి. అందరూ ఒప్పుకున్న అభిప్రాయాన్ని కోసి చూసే ధైర్యం చేసిన ఇద్దరి వల్ల వేలమంది అక్కర్లేని టీబీ మందుల నుంచి తప్పించుకున్నారు. క్యాబేజీ అభిప్రాయానికి కూడా అలాంటి కోత పడాలి.

‘మెదడులో పురుగు’ అన్న మాటే మనుషుల్ని హడలెత్తిస్తుంది. హడలుకు మందుల షాపుకు వెళ్ళి పురుగుల మాత్ర కొని మింగేవాళ్ళున్నారు. ఇది ప్రాణం మీదికి తెస్తుంది. మెదడులో తిత్తులు ఎక్కువగా ఉన్నవాళ్ళకు మందు పడి అన్నీ ఒక్కసారిగా చస్తే, వచ్చే వాపు పురుగుకన్నా ప్రమాదం. అందుకే ఆల్బెండజోల్ అనే ఈ మందును వైద్యులు స్కాన్ చూసి, స్టెరాయిడ్‌తో కలిపి, లెక్క ప్రకారం ఇస్తారు. కొందరికి అసలు ఇవ్వరు. బళ్ళో పిల్లలకు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర మంచిదే, కానీ దాని గురి వేరే పురుగుల మీద. అది వేసుకున్నాం కాబట్టి ఇది రాదనుకోవడమూ భ్రమే.

మా మేనల్లుడికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. పిల్లవైపువాళ్ళు మంచివాళ్ళే, మాట కూడా మెత్తగానే అన్నారు: ‘ఫిట్స్ అంటే ఫరవాలేదనుకుందుము, మెదడులో పురుగంటే...’ ఆరు నెలలకు మచ్చ మాయమైంది. అయినా ఆ మాట మాయం కాలేదు. మూర్ఛ ఉన్న కారణంగా హిందూ వివాహాన్ని రద్దు చేసుకోవచ్చనే నిబంధనను 1999లోనే పార్లమెంటు తీసేసింది. చట్టం పాతికేళ్ళ కిందట వదిలేసిన దాన్ని మన పెళ్ళిచూపుల గదులు ఇంకా పట్టుకుని ఉన్నాయి. ఈ పురుగు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ రోగుల్లో నూటికి ముప్పై మందికి కారణం ఇదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇది ఆపగలిగిన మూర్ఛ. అందుకే నా బాధ.

ఆపగలమని గాల్లో మాట చెప్పడం లేదు. పెరూ దేశపు ఉత్తర కొసన టుంబెస్ అనే ప్రాంతంలో చేసి చూపించారు. మనుషులకు పేగుపురుగు మందు, పందులకు మందూ టీకా. ఆఖరి విడతలో తీసుకున్న 107 ఊళ్ళలో 105 ఊళ్ళలో పురుగు వ్యాప్తి ఆగిపోయిందని 2016లో ప్రకటించారు. ఎవరి తిండీ మాన్పించలేదు. ఆ పంది టీకా కథలో మనకూ వాటా ఉంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త మార్షల్ లైటౌలర్స్ బృందం దాన్ని కనిపెడితే, సిస్‌వ్యాక్స్ అన్న పేరుతో సీసాల్లోకి ఎక్కించింది హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునాలజికల్స్. మన గడ్డ మీద తయారవుతున్న మందు ఉండగా, మనం ఫ్రిజ్ తలుపు మీద క్యాబేజీ పేరు రాసి అంటించుకుంటున్నాం.

ఆ చీటీ మీద రాయవలసిన వాక్యం వేరే ఉంది. ఒక ఇంట్లో ఒకరి మెదడులో తిత్తి కనబడితే, ఆ ఇంట్లో మిగిలినవాళ్ళలోనూ, ఆ ఇంట్లో వంట చేసేవాళ్ళలోనూ ఎవరి పేగులోనైనా పురుగుందేమో వెతకాలి. రోగికి అత్యంత దగ్గరి ప్రమాదం అదే, అందరికన్నా తేలికగా తొలగించగలిగిందీ అదే. మా ఇంట్లో ఏ డాక్టరూ ఆ మాట అనలేదు. నేనడిగితే ఒకాయన ‘అంత అవసరమా’ అన్నారు. మా అక్క అయితే ముఖం తిప్పుకుంది. ‘నలుగురిలో ఇదేం మాట, మా ఇంటిని అలా అంటావా’ అంది. క్యాబేజీని అనుమానించింది, అమెరికాను అనుమానించింది, కడుపున పుట్టినవాణ్ణి అనుమానించింది. మలం మాటెత్తితే పరువు పోయిందంది.

వారం రోజులు పట్టింది ఒప్పించడానికి. చివరికి వంటావిడ మొదట ఒప్పుకుంది. ‘నాకుంటే తీసెయ్యండి బాబూ, నా పిల్లలు నా చేతి ముద్దే కదా తినేది’ అంది. ఆమె ఆ మాటన్నాక మా బావగారు లేచి తన డబ్బా తను తీసుకున్నారు. తరవాత అందరూ తీసుకున్నారు. ఒక్కసారి చూస్తే గుడ్లు దొరకకపోవచ్చు కాబట్టి మూడు రోజులు వరుసగా ఇవ్వాలన్నాను. మొదటి రోజు పొద్దున్నే తెనాలిలో ఒక ల్యాబుకు బట్టల దుకాణం సంచీలో ఆరు డబ్బాలు పట్టుకెళ్ళాను. ప్రతి డబ్బా మీదా మా అక్క స్వదస్తూరీతో పేర్లు రాసి, బంతి పెన్ను సిరా చెరిగిపోకుండా పైన సెల్లోటేపు అంటించింది. కౌంటర్ దగ్గర కుర్రాడు ఒక్కొక్కటే తీసి వరసగా పెడుతూ, ‘ఇంతమందికీ ఒకేసారి ఏమైంది సార్?’ అని అడిగాడు. ఏమీ కాలేదని చెప్పి, రేపూ ఎల్లుండీ కూడా వస్తానని రసీదు తీసుకున్నాను.